చివరి ధార

బొంతాయన ఎత్తెంతో చెప్పమంటే నాకు నవ్వొస్తుంది. మన మోకాలి దాకా కూడా రాడు. ఆ మాటకొస్తే వాళ్ళ జాతి మొత్తం అంతే, అందులో ఈయన కాస్త బొద్దు. కోపం మాత్రం ఒంటికి రెండింతలు. సూది కనపడలేదని ఇంటిల్లిపాదినీ తిట్టి, ఆఖరికి అది తన చొక్కాకే గుచ్చి ఉంటే, "ఇక్కడెవరు పెట్టారు?" అని మళ్ళీ తిట్టే రకం.

బొంతలు కుట్టడం, యుద్ధానికెళ్ళే పొట్టేళ్ళకి జీనుమెత్తలు కుట్టడం ఆయన పని. ఇల్లంటే ఒకే గది. కిటికీ కింద కత్తిరింపుల బల్ల, బల్ల కింద గుడ్డపీలికల మూట, మూట పక్కన మనవరాలి ఉయ్యాల. పొట్టేలు వీపు మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, మెత్త ఎక్కడ ఒరుసుకుంటుందో చెప్పేసేవాడు. ఊళ్ళో సగం పొట్టేళ్ళు ఆయన మెత్తలేసుకునే యుద్ధానికెళ్ళాయి. ఆయన మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. వంతు రాకూడదని ఆయన మొక్కని దేవుడు లేడు.

ఈసారి వచ్చింది.

వంతొచ్చిన ఇంటి నుంచి ఒక మనిషి, ఒక పశువు కదలాలి. బొంతాయన పొట్టేలు చలికాలంలోనే పోయింది. ఇక ఇంట్లో మిగిలింది పాడిమేక ఒక్కటే. కూతురికి పురిట్లో జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి. పసిది ఈ మేక పాలు తప్ప ఇంకేది పట్టినా కక్కేస్తుంది. అందుకని దళపతి దగ్గరికెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాడు. "మేకకీ కొమ్ములున్నాయిగా" అన్నాడా మహానుభావుడు. అలాంటివాడితో ఏం వాదిస్తాం?

తెల్లవారి ఆయన తలకి రాగిగిన్నె బోర్లించి, తాడు గడ్డం కింద ముడేస్తూ పెళ్ళాం అంది: "ఏవండీ, అందరికంటే ముందు ఉరక్కండి. ఎండెక్కేలోపు వచ్చెయ్యండి. మేక పొదుగు మీద మాత్రం పరాయి చెయ్యి పడనివ్వకండి."

ఆవిడ భయం ఊరికే కాదు. యుద్ధంలో పాడిపశువుకి చివరి ధార ఎవరు పిండితే పశువు వాళ్ళదే. వాగుకి ఇటున్న ఊరూ అటున్న ఊరూ కలిసి ఒప్పుకున్న న్యాయం ఇదొక్కటే.

"ఆ మాత్రం నాకు తెలీదా?" అని కసిరాడు. తెలీనిది వేరే ఉంది. పశువు వీపు సంగతి ఆయనకి కొట్టినపిండి. పొదుగు సంగతి ఇన్నేళ్ళలో ఒక్కరోజు పట్టించుకోలేదు. అది పెళ్ళాం పని అనుకున్నాడు, మహారాజు.

అవతలివాళ్ళు పందులెక్కి వచ్చారు. పొట్టేళ్ళు ఢీకొట్టడం, పందులు కుమ్మడం, దుమ్ము, కేకలు. మన బొంతాయన మేకని మెల్లిగా పొదల చాటుకి తోలుకుపోయాడు. పిరికివాడంటారా, అనండి. ఇంటి దగ్గర పసిది ఆకలికి ఏడుస్తుంటే ఇక్కడ మీసం మెలేసేవాడు నాకు నచ్చడు.

ఎండెక్కేలోపు తేలిపోవలసిన కొట్లాట మధ్యాహ్నమైనా తేలలేదు. మేక కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడిపోయింది. కిందికి దిగి చూస్తే పొదుగు రాయిలా ఉంది, పట్టుకుంటే వేడి. ఇప్పుడు పిండకపోతే వాస్తుంది. వాస్తే మేక ఒట్టిపోతుంది. ఆపైన పసిదాని గతేమిటి? గడ్డం కింది తాడు విప్పాడు. గిన్నె తీసి కింద పెట్టి, చన్ను పట్టుకుని లాగాడు. మేక తన్నింది. గిన్నె ఒకవైపు, ఈయనొకవైపు పడ్డారు. మళ్ళీ లాగాడు, మళ్ళీ తన్నింది.

"అలా లాగితే నేనైనా తంతాను" అని వెనకనుంచి వినిపించింది.

చూస్తే పంది మీద ఒక ముసలావిడ, చేతిలో ఈటె. వాగవతలి మనిషి. బొంతాయన పైప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ తాపీగా దిగి, ఈటె పక్కన పెట్టి పొదుగు తడిమింది.

"పొద్దుటినుంచీ పిండలేదా? బుద్ధుందా నీకు?"

"నాకు పిండడం రాదమ్మా."

"తాగడం మాత్రం వచ్చు."

"నేను తాగను. మనవరాలికి. ఇంకేం పట్టినా కక్కేస్తుంది."

ముసలావిడ పైట నడుముకి దోపుకుంది. "జరుగు. నేను పిండుతాను" అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిండనిస్తే మేక ఆవిడదైపోతుంది. పిండనివ్వకపోతే పొదుగు పాడవుతుంది. మేక బాధగా మూలిగింది.

"పిండమ్మా" అన్నాడు బొంతాయన. "మేక నీదైతే అయింది. దీని బాధ చూడలేను. ఈ గిన్నెడు పాలు మాత్రం నన్ను తీసుకెళ్ళనివ్వు. పసిదానికి ఇవాళ్టికి గడుస్తుంది."

ఆవిడ అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకుంది. పొదుగు నిమిరింది. మేక చేపింది. గిన్నెలో ధారలు పడుతుంటే బొంతాయన చతికిలబడి, సిగ్గు విడిచి ఏడ్చాడు.

గిన్నె నిండుతుండగా పందుల గిట్టల చప్పుడు దగ్గరపడింది. ఆవిడ చప్పున చేతులు తీసేసింది. "ఇలా రా. బొటనవేలూ చూపుడువేలూ పైన బిగించు. లాగకు, నొక్కు."

"ఇప్పుడెందుకమ్మా?"

"నొక్కమన్నానా."

నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాడు, సన్నగా వచ్చింది. "ఆ రెండోదీ. ఇక చుక్క రాదనేదాకా."

అవతలి నాయకుడు మనుషులతో వచ్చి ఆగేసరికి బొంతాయన ఇంకా పిండుతూనే ఉన్నాడు. "పెద్దమ్మా, మంచి మేకే దొరికింది" అంటూ నాయకుడు తాడు తీశాడు.

"తాడు లోపల పెట్టు. చివరి ధార ఎవరు పిండారో నువ్వే చూశావుగా."

నాయకుడు నిండిన గిన్నె చూశాడు, బొంతాయన తడబడే వేళ్ళు చూశాడు. ఎవరి పనో తెలియనంత వెర్రివాడేం కాదు. "గిన్నెడు పిండి చివర్లో వదిలేశావా?"

"ముసలిదాన్ని. వేళ్ళు లాగేశాయి."

"వట్టి చేతులతో వస్తే ఈ ఏడాది నీకు గింజల వాటా లేదు, తెలుసుగా."

"తెలుసులే" అని ఆవిడ బొంతాయన వైపు తిరిగింది. "ఇంకా నిలబడ్డావేం? ఎక్కు." గిన్నె తనే అందించింది.

ఇంటికొచ్చి, పసిదానికి పాలు పట్టాక, బొంతాయన ఉన్నదున్నట్టు చెప్పాడు. పెళ్ళాం ఉయ్యాల ఊపడం ఆపి అంతా విన్నది.

"వాటా పోతే ఆవిడ ఏం తింటుంది? ఇంట్లో ఎంతమందట?"

బొంతాయన తన మనవరాలి గొడవంతా వెళ్ళబోసుకున్నాడే గాని, అమ్మా, నీకెవరున్నారని ఒక్క మాట అడగలేదు. "అడగలేదే" అన్నాడు.

"రేపు వెళ్ళి అడిగి రండి" అంది పెళ్ళాం. "మేకనెక్కి వెళ్ళండి, పాలు అక్కడే పిండి ఆవిడకిన్ని పోసి రండి."

"యుద్ధం ఇంకా తేలలేదే."

"తేలేదాకా ఆవిడ పస్తుండాలా?" అని, పెళ్ళాం మళ్ళీ ఉయ్యాల ఊపింది.