చప్పుడు లేని సైలెన్సరు

“అక్క ఇంటికాడ ఎదురుచూస్తా ఉంటే, బిడ్డను బండిలో పెట్టుకొని సైలెన్సరు ఎంచుకుంటావా బావా? నీకేమన్నా మతి పోయినాదా?”

“నోరు మూసుకో క్రీస్తుదాసూ. అది మార్చిందాకా బండి కదలదు.”

కోట ఊళ్లో తన మోటారు షెడ్డు ముందు బావమరిదిని కసురుతున్న టాక్సీ డ్రైవరు హెబ్రోనును చూసి మెకానిక్కు చెంగయ్య చేతిలో పని ఆపేశాడు. టాక్సీ వెనుక సీటులో దుప్పటి కప్పి పడుకోబెట్టిన హెబ్రోను కూతురు ఎలిశబెతు నెల్లూరు ఆసుపత్రిలో ఆ ఉదయమే కన్నుమూసింది.

హెబ్రోను బండి చప్పుడు ఎరగనివాళ్లు వాకాడు దారి పొడుగునా లేరు. లాగుడు పెరుగుతుందని సైలెన్సరు పీకించి ఉత్త గొట్టం పెట్టించింది అతనే. ఊరి బయట ఉండగానే ఇంట్లోవాళ్లకు వినబడుతుందని మురిసిపోయేవాడు.

చెంగయ్య రెండు సైలెన్సర్లు తెచ్చి ముందు పెట్టాడు. “ఈ చిన్నది కొంచెం మోగతాది. ఆ పెద్దది పెడితే చప్పుడుండదు గానీ, ఇసకలో బండి లాగదన్నా.”

“లాగకపోతే దిగి తోస్తాం. పెద్దదే పెట్టు,” అన్నాడు హెబ్రోను. “మీ వదినకు ఇంకా తెలీదు. ఈ చప్పుడు వినిందంటే, బిడ్డకు నయమైందని నవ్వుకుంటా వీధి చివరికి ఎదురొస్తాది. చప్పుడు రాకుండా బిగించు చెంగయ్యా. ఆమె గడప దాటకముందే నేను ఇల్లు చేరాల.”