తెలిసేదాకా ఎక్స్

బోధన్ వెళ్లే బొగ్గింజను రైలుబండిలో కిటికీ పక్కన కూర్చుని హైస్కూలు లెక్కల పుస్తకం పైకి చదువుతున్నాను. ‘చక్కెర కిలో ధర ఎక్స్ అనుకొనుము.’ బయట మంచులో చెరకు తోటలు తేలిపోతున్నాయి. గాలి నిండా తీపి వాసన.

ఎదురుగా కూర్చున్న నిండు గర్భిణి అడిగింది.

“ఎక్స్ అంటే ఏంది చెల్లె?”

“తెల్వనిదాన్ని గట్ల పిలుస్తరక్కా. లెక్క తేలినంక అసలుది వస్తది.”

ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుంది.

“మునుపు కడుపుల ఉండంగనే పేర్లు అనుకున్న. ఇద్దరు దక్కలె. ఈసారి పుట్టెదాక పేరెత్తద్దని మా అత్త ఒట్టు పెట్టించుకున్నది. గని పిలువకుంట ఎట్లుండాలె?”

ఆమె నా పుస్తకం వైపు వేలు చూపింది.

“గా ఎక్స్ ఎట్లుంటదో రాసి సూపియ్యి,” అంది.

పుస్తకం అంచున పెన్సిలుతో రాసి చూపించాను. ఆమె కొంగు సర్దుకుని, కడుపు మీద వేలితో రెండు గీతలు ఒకదాని మీదొకటి అడ్డంగా గీసుకుంది. ఉన్నట్టుండి కొంగు కింద కడుపు కదిలింది, ఆమె ముఖం వెలిగింది.

“పలికింది,” అంది మెల్లగా.

జానకంపేటలో దిగిపోయింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు.

లెక్కల టీచరునయ్యాక కూడా బోర్డు మీద ఎక్స్‌ను మెల్లగానే గీసేదాన్ని, దాని కింద ఎవరో నిద్రపోతున్నట్టు.