రెండో పెట్టె తూటాలు

పోయిన నెల మా మండలంలో జాతర జరిగితే, మా ఆవిడ గుళ్లో కొబ్బరికాయ కొట్టించుకుని వచ్చేలోగా నేను బెలూన్లు కాల్చే దుకాణం ముందు నిలబడ్డాను. ఎవరు కాల్చినా తగలకుండా దుకాణం అతను తుపాకీ మొనను ఓ పిసరు ఎడమకు వంచి పెట్టుకున్నాడని రెండు గుండ్లకే తెలిసిపోయింది. గురిని కాస్త కుడికి జరిపి వరసగా ఐదు బెలూన్లు పగలగొట్టాను. అతను నన్ను ఎగాదిగా చూసి, పోలీసు శాఖలో చేసి రిటైరయ్యారా అని అడిగాడు. లేదయ్యా, సౌదీలో ఖర్జూరం తోటలో పనిచేశానన్నాను. అతనికేమీ అర్థం కాలేదు గానీ, అప్పటికి వచ్చి వెనక నిలబడ్డ మా ఆవిడకు అర్థమై, కొబ్బరి చిప్పల సంచి నా చేతిలో పెట్టి ముందుగా ఇంటిదారి పట్టింది.

మన ఈడు గల్ఫ్ వాళ్లలో తుపాకీ మాట ఎత్తిన వాణ్ని నేనొక్కణ్నేనేమో. అందరికీ ఒంటెలు, ఎండలు, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితాలు జ్ఞాపకముంటాయి. నాకు మాత్రం ఉనైజా ఊరి బయటి మజ్రా, అంటే మా ఖర్జూరం తోట, ఆ తోట చివర పొక్లెయిన్‌తో పోయించిన ఇసుక కట్ట, దాని ముందు అట్టకు అంటించిన నాలుగు తెల్ల కాగితాలు కళ్ల ముందు కదులుతాయి. తోటలో ఉండేది ఇద్దరమే, నేనూ కడప అన్నా. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, నాకంటే ముందొచ్చినవాడు. నడుముకు తాడు కట్టుకుని ఖర్జూరం చెట్టు ఎక్కడం, మగ పూల పుప్పొడిని ఆడ గెలల్లో దులపడం, ముల్లు గుచ్చుకుంటే నిమ్మరసంతో కడగడం, అన్నీ ఆయనే నేర్పాడు. నా జగిత్యాల మాటకు ఆయన నవ్వేవాడు, ఆయన కడప మాటకు నేను నవ్వేవాణ్ని. పప్పులో ఎండు చేప వేయవచ్చునా లేదా అనే దాని మీద తప్ప మేమిద్దరం ఎన్నడూ పోట్లాడుకోలేదు.

కొలువులు ముందు సౌదీవాళ్లకే ఇవ్వాలని నితాఖత్ చట్టం వచ్చినప్పుడు మా దాకా సెగ తగల్లేదు. ఆ తరవాత పరాయి పనివాళ్ల మీద తలకింత అని లెవీలు, అంటే పన్నులు వచ్చాయి చూడండి, అప్పుడు తగిలింది. మా కఫీల్, అంటే మా వీసా పూచీదారు యజమాని, డెబ్బై దాటిన పెద్దాయన, మేం బాబా అని పిలిచేవాళ్లం. కాగితాల వ్యవహారమంతా ఆయన పెద్ద కొడుకుది. ఆ కొడుకు ఒక శుక్రవారం వచ్చి, వచ్చే ఇఖామా రెన్యూవల్‌కి తోటలో ఒక్కడే ఉంటాడు, రెండోవాడికి ఖురూజ్, ఎవరన్నది నాన్న తేలుస్తాడు అని చెప్పి వెళ్లిపోయాడు. ఖురూజ్ అంటే మనవాళ్లకు చెప్పనక్కరలేదు, ఇంటికి పోయి మళ్లీ రాకపోవడం. అప్పటికి నా కూతురు నర్సింగు రెండో ఏడు చదువుతోంది. అన్న తన ఊళ్లో చీనీ మొక్కలు, అదే బత్తాయి, నాటించాడు, వాటికి బోరు వేయించాలింకా. ఆ శుక్రవారం నుంచి మేమిద్దరం ఒకే పళ్లెంలో తింటున్నా, పప్పులో ఎండు చేప గురించి పోట్లాడుకోవడం మానేశాం.

సరిగ్గా అప్పుడే బాబాకు లైసెన్సు మీద కొత్త రైఫిల్ వచ్చింది. తలుపు గడియలాగా ఒక బోల్టు ఉండేది దానికి, ప్రతి గుండుకూ దాన్ని లేపి, వెనక్కి లాగి, ముందుకు తోసి మూయాలి. ఆయనకు వేట మీద సరదా లేదు. ఏటా చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకున్నప్పుడు దమ్మాం నుంచి ఆయన తమ్ముడు వచ్చేవాడు, అన్నదమ్ములిద్దరూ దూరాన డబ్బాలు పెట్టి గురి పందెం ఆడేవాళ్లు, ఓడినవాడు గొర్రెను కోసి అందరికీ వండించి పెట్టాలి. అంతకు మించి పందెం లేదు గానీ, ఆ గొర్రె కోసం బాబా ఏడాదంతా ఎదురుచూసేవాడు.

కొత్త తుపాకీకి ఏ తూటా సరిపడుతుందో ముందే చూసుకోవాలట. పశువుకు ఒక మేత పడితే ఇంకో మేత పడనట్టు, ఒకే తుపాకీ ఒక కంపెనీ తూటాను ఒక్కచోటికి పంపుతుంది, ఇంకొకదాన్ని చెల్లాచెదురు చేస్తుంది, ధరకూ దానికీ సంబంధం లేదు. అందుకని బాబా నాలుగు రకాల పెట్టెలు తెప్పించాడు. మొదటి మూడూ మామూలువి. నాలుగోది కొడుకు ఎంతో గొప్పగా రియాద్ నుంచి తెచ్చిన ఖరీదైన రకం. ఖర్జూరాలు ఏరే బల్లను మేము తోట చివరికి మోసుకెళ్లి, బియ్యం సంచుల్లో ఇసుక నింపి దాని మీద పెట్టాం. వంద మీటర్ల అవతల ఇసుక కట్ట ముందు అన్న మైదా పిండి జిగురుతో నాలుగు కాగితాలు వరసగా అంటించాడు, పెట్టెకొక కాగితం, కాగితానికి ఐదు గుండ్లు. ఒక పెట్టె అయ్యాక గొట్టం చల్లారేదాకా టీ తాగేవాళ్లం. బాబా కళ్లకు స్కోపులోంచి నల్ల చుక్క కనిపించేది గానీ దాని చుట్టూ పడ్డ చిల్లులు ఆనేవి కావు. చేయి మాత్రం రాయిలా నిలిచేది, గురి పట్టడం ఆయన్ని చూసే నేర్చుకున్నాను. నాలుగూ కాల్చాక ఆయన బోల్టు తీసి తుపాకీ పక్కన పెట్టాడు, కాగితాల మీద పెట్టె నంబరు వేసి ఊడదీసి తెమ్మని మమ్మల్నిద్దర్నీ పంపాడు.

రెండో కాగితం మీద ఐదు చిల్లులూ ఒక ఖర్జూరం పండు కింద దాగేటంత దగ్గరగా ఉన్నాయి. నాలుగో కాగితం మీద అరచేయంత మేర చెదిరి ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే, బల్ల దగ్గర కొడుకు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మన గల్ఫ్ బతుకుల్లో మొదటి పాఠం మీకు తెలియంది కాదు, కఫీల్ ఇంటివాళ్లకు చేదు కబురు మోసినవాడు బాగుపడడు. నా చేతిలో పెన్సిలుంది. రెండో కాగితం మీద నాలుగని, నాలుగో కాగితం మీద రెండని వేశాను. నా ఇఖామా కోసమే వేశాను, ఇప్పుడు బుకాయించి లాభం లేదు.

అన్న చూశాడు. కాగితాలు చుడుతూ మెల్లగా అన్నాడు, "ఏంటికిరా ఈ పాడు పని? సర్లే, నేనైతే చెప్పను. మనోని మీద మనోడు చెప్పేది యాడైనా ఉందా?"

నేను పెన్సిలు జేబులో పెట్టుకున్నాను. ఆ ఒక్క మాట బాబా చెవిన వేసి ఉంటే ఇఖామా ఆయనకే దక్కేది. ఆయనకు ఆ ఆలోచన వచ్చిందో రాలేదో నాకు తెలియదు, వచ్చినా దాన్ని లోపలికి రానిచ్చే మనిషి కాడు. బాబా కాగితం మీది చిల్లులను వేలితో తడిమి మురిసిపోయాడు, కొడుకు నా భుజం తట్టాడు, మిగిలిన మూడు పెట్టెలూ బీరువాలోకి పోయాయి.

చలికాలం రానే వచ్చింది. ఎడారిలో మధ్యాహ్నపు ఎండలో, కొడుకు తెచ్చిన తూటాలతో బాబా ఆరు డబ్బాలకు గురిపెట్టి ఒక్కటే కొట్టాడు. తమ్ముడు పాత తుపాకీతో ఐదు కొట్టాడు. చుట్టాలంతా నవ్వారు, మనవాళ్లు బావను ఆటపట్టించినట్టే, అందులో విషం లేదు. గొర్రెను అన్న వండాడు, నేను వడ్డించాను, అందరితో పాటు మేమూ తిన్నాం. బాబా మాత్రం రెండు ముద్దలు తిని, తన కుడిచేతిని మోకాలి మీద పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడు.

అప్పటినుంచి పెద్దాయన మనిషి మారిపోయాడు. తన చేయి పని అయిపోయిందని నమ్మాడు. తుపాకీ కొడుక్కి ఇచ్చేయమన్నాడు, కారు నడపడం మానేశాడు, గ్లాసులో టీ పోసుకోవడానికి కూడా నన్ను పిలవసాగాడు. వణకని చేతిని వణుకుతుందేమోనని ఒళ్లో దాచుకునేవాడు. నెల రోజులు చూశాను. ఇంక చూడలేక, ఒకరోజు పొద్దువాలే వేళ అసర్ నమాజు అయ్యాక ఆయన చాప మీద ఉండగానే ఎదురుగా కూలబడి, వచ్చీరాని అరబ్బీలో జరిగింది జరిగినట్టు చెప్పేశాను. నా ఖురూజ్ నేనే రాసుకుంటున్నానని తెలుసు, అయినా చెబుతుంటే ప్రాణం తేలికపడింది.

ఆయన కోప్పడలేదు. కొడుకు దగ్గర్నుంచి తుపాకీ, బీరువాలోంచి రెండో పెట్టె తెప్పించి, బల్ల వేయించి, ఐదు గుండ్లు కాల్చాడు. ఈసారి కాగితం దాకా తానే నడిచి వచ్చి, చిల్లుల మీద చూపుడు వేలు పెట్టాడు. ఐదూ ఆ వేలు చుట్టూనే ఉన్నాయి.  తరవాత నా వైపు తిరిగి ఒకే ఒక ప్రశ్న అడిగాడు. ఇది నీ సాదిఖ్‌కు, నీ దోస్తుకు, తెలుసా?

అప్పుడే ఒక అబద్ధం దించుకున్న గుండె, రెండోది ఎత్తుకోవడానికి ఒప్పుకోలేదు. తెలుసు బాబా అన్నాను.

ఆయన లెక్క మన లెక్క కాదని నాకప్పుడు తెలియదు. భయపడి అబద్ధమాడినవాడు తానే వచ్చి ఒప్పుకుంటే వాడి సంగతి దేవుడు చూసుకుంటాడు, కళ్లారా చూసి సాక్ష్యం దాచినవాడిది అంతకంటే పెద్ద తప్పు అన్నాడు. నేను నవ్వులపాలైన రోజు వాడు ఆ గొర్రెను వండాడు, తెలిసే వండాడు, ఖురూజ్ వాడికే అన్నాడు. తోటివాడి మీద చెప్పకపోవడం మా దగ్గర మర్యాద అని ఎంత చెప్పినా నా అరబ్బీ అంతదూరం పోలేదు. నేను పోతాను, అన్నను ఉంచండి అని కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగి, మాట అయిపోయింది అన్నాడు.

అన్నకు నేనే చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఆయన చెట్టుకు కట్టిన తాడు విప్పుతూ విని, తాడంతా చుట్ట చుట్టి నా చేతిలో పెట్టాడు. "నిజమే గదరా చెప్పినావు. దానికి ఏడ్సేదేముంది? నా తాడు నువ్వు పెట్టుకో, నీది నలిగిపోయినాది," అన్నాడు. వారం తిరక్కుండా వెళ్లిపోయాడు. ఆ ఎండాకాలం బోరు పడక చీనీ మొక్కలు ఎండిపోయాయని వేరేవాళ్ల ద్వారా తెలిసింది, తాను మాత్రం ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. నా కూతురి చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది. దాని మొదటి జీతంతో కొన్న చీర కట్టుకున్నప్పుడు మా ఆవిడ ఒక్కసారి, ఇందులో సగం కడప వదినది అంది. 

ఇప్పుడు అక్కడ అంతా మారిందట. పని మారాలన్నా, ఇంటికి రావాలన్నా ఫోన్లోనే నొక్కుకుంటున్నారట, కఫీల్ ముఖం చూసి భయపడే రోజులు తగ్గాయని కుర్రాళ్లు చెబుతుంటే సంతోషమే. ఒకే పళ్లెంలో తినడం కూడా తగ్గిందట, ఎవరి గదిలో వాళ్లు, ఎవరి ఫోనులో వాళ్లు. అన్న ఇప్పటికీ పండక్కి పండక్కీ ఫోన్ చేస్తాడు, కూతురెట్లుంది, మోకాళ్లెట్లున్నాయి అని అడుగుతాడు. ఇన్నేళ్లుగా, ఆ రోజు బాబాకు చెప్పాల్సిన ఒక్క మాట సాధన చేసుకుంటూనే ఉన్నాను. ఆయనకు తెలియదు బాబా, నేనొక్కణ్నే చేశాను. అరబ్బీలో కూడా తప్పు లేకుండా వస్తుందిప్పుడు. బాబా పోయి నాలుగేళ్లయింది.