ఆగుతూ ఆగుతూ కన్యాకుమారికి

2023 డిసెంబరు. నిజామాబాద్ వర్ని రోడ్డులో నా మెకానిక్ షెడ్డు. పాతికేళ్లకు పైగా పెట్రోలు కార్లు బాగుచేస్తున్నాను. ఇప్పుడు వచ్చే బండ్లన్నీ సెన్సర్లవే. కార్బురేటర్ ఉన్న కారు ఎప్పుడో ఒకటి వస్తుంది. కార్బురేటర్ అంటే పెట్రోలునూ గాలినీ తగుపాళ్లలో కలిపి ఇంజన్‌కు అందించేది. అలాంటి కారు షెడ్డు ముందు ఆగితే చేతిలో పని వదిలేసి లేచి వెళ్తాను.

ఆ రోజు వచ్చింది బోధన్ నుంచి సాయన్న కాక, తన తెల్ల అంబాసిడర్‌తో. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో డ్రైవరుగా పనిచేశాడు. ఫ్యాక్టరీ బండ్లు వేలం వేసినప్పుడు, తాను నడిపిన కారునే కొనుక్కున్నాడు.

"తమ్మీ, దీన్ని కన్యాకుమారి దాకా తీస్కపోవాలె. మీ చిన్నమ్మ గూడ వస్తది," అన్నాడు.

"రైలు లేదా కాకా?"

"రైలున్నది. కారు గూడ ఉన్నది గద."

ఆయనకు డెబ్బై దాటాయి. కంటి ఆపరేషన్ అయింది. పగటిపూట నడపొచ్చని డాక్టరు చెప్పాడట గానీ, కూతురు సుజాత మాత్రం ఒప్పుకోలేదు. చివరికి నాకే ఫోన్ చేసింది. "అన్నా, నువ్వు ఎంబడి పోతేనే పంపుత. తొవ్వల సతాయించిందంటే వాపస్ రావాలె. వచ్చినంక దాన్ని అమ్మేస్తం. బాపుతోని గూడ గదే చెప్పిన."

నేను ఇంజన్ అంతా విప్పి చూశాను. రేడియేటర్ కడిగాను, బ్రేకులు మార్చాను. బోధన్ చుట్టుపక్కల రెంజల్ దాకా తిప్పితే ఎక్కడా తడబడలేదు. బయలుదేరే ముందు కాక కారుకు తన ముచ్చటకొద్దీ కొత్త సీటు కవర్లు, వైపర్లు, తాళం వేసుకునే పెట్రోలు మూత కొని తెచ్చి వేసుకున్నాడు.

తెల్లవారి బయలుదేరాం. కాక, నేను వంతులవారీగా నడిపాం. ఆయన భార్య గంగవ్వ వెనక సీట్లో సకినాల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కామారెడ్డి దాటాక ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

బానెట్ ఎత్తాను. ట్యాంకు నుంచి పెట్రోలును లాగి కార్బురేటర్‌కు పంపేది ఫ్యూయల్ పంపు. దానికి వచ్చే పైపు ఊడదీశాను. పైపులో అడ్డమేమీ లేదు, నోటితో పీలిస్తే పెట్రోలు వచ్చింది. మళ్లీ బిగించి స్టార్ట్ చేస్తే కారు ఏమీ ఎరగనట్టు కదిలింది. ఏదో నలక అడ్డం పడి ఉంటుందిలే అనుకున్నాను.

హైదరాబాద్‌లో పెట్రోలు పోయించుకుని సాగాం. జడ్చర్ల దాటాక అదే దగ్గు. మిట్టమధ్యాహ్నం, మంచి ఎండ. ఇది వేపర్ లాక్ అని తేల్చేశాను. వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరై దారి మూసుకుపోవడాన్ని అలా అంటారు. పైపు విప్పి బిగించి, పంపుకు తడిగుడ్డ చుట్టాను. బండి నడిచింది. కర్నూలు లాడ్జీలో ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్నే పెట్రోలు నింపుకుని బయలుదేరాం. చలికి అద్దాలు మసకబారుతున్నాయి. ఆ చలిలోనూ కారు ఆగిపోయింది. నా వేపర్ లాక్ లెక్క అక్కడితో తప్పిపోయింది. పైపు విప్పి, వెంట తెచ్చిన డయాఫ్రమ్ మార్చాను. పంపు లోపల పెట్రోలును గుంజే రబ్బరు పొర అది. మార్చాక బండి నడిచింది. గుత్తికి కాస్త ఇవతల మళ్లీ ఆగింది.

ఇరవై ఏళ్ల కిందటి బండ్లు ఎన్నో చూశాను గానీ, ముట్టుకోగానే నయమై, నేను పక్కకు తప్పుకోగానే మళ్లీ తిరగబెట్టే జబ్బు అదే మొదటిసారి. అప్పుడే సుజాత ఫోన్. కాక ఫోన్ నా చేతికిచ్చి దూరంగా నడిచాడు. "ఆగిందా అన్నా? నిజం చెప్పు," అంది. చెప్పాను. "ఇగ మల్పుండ్రి," అంది.

కాక రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాడు. దగ్గరికి వెళ్లాను. గంగవ్వ కారు దగ్గరే ఉంది, మా మాటలు వినబడనంత దూరంలో.

"వాపస్ పోదామంటున్నదా?" అని అడిగాడు. అవునన్నట్టు తలూపాను.

"తమ్మీ, గీ కారుల్నే ఫ్యాక్టరీ సార్లను తోల్కోని కన్యాకుమారి పోయిన ఒకపారి. వాళ్లు సముద్రం సూడ పోయిండ్రు. నేను బండి కాడ ఉన్న. వాళ్లు రాంగనే మల్ల తిరిగినం."

"అంటే నువ్వు చూడనే లేదా?"

"యాడ సూస్త? బండి ఎవలు సూస్తరు? మీ చిన్నమ్మకు మాత్రం సూసిన్నని చెప్పిన. గట్లుంటది, గిట్లుంటది అని బగ్గ చెప్పిన." కాసేపు చేతులు చూసుకున్నాడు. "ఇప్పుడు నిజంగ సూడాలె."

ఇక వెనక్కి తిప్పమని ఆయనతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. కారు దగ్గరికి వచ్చి మళ్లీ పైపు మీద చెయ్యి వేశాను. గంగవ్వ సంశయంగా పిలిచింది.

"కొడుకా, ఒక మాట అంటే నవ్వుతవేమో. పెట్రోల్ పోసే కాడ మూత తీసినప్పుడల్లా బుస్సుమని సప్పుడైతున్నది."

నిజమే, బంకులో నేను బానెట్ కింద తల పెట్టుకుని ఉంటాను. కాక మూత తాళంచెవి బంకు కుర్రాడికిస్తాడు గానీ స్టీరింగ్ వదలడు. కాళ్లు సాగదీయడానికి దిగి ట్యాంకు పక్కన నిలబడేది ఆమె ఒక్కతే.

"బయటికి కొట్టినట్టా చిన్నమ్మా, లోపటికి పోయినట్టా?"

"లోపటికి గుంజినట్టు. నేను బడిల వంట చేస్తుంటి గద. నూనె డబ్బాకు ఒక్కటే తూటు పెడితే నూనె గుడగుడమని ఆగుతది. ఇంకో తూటు పెడితేనే ధార కడతది. గాలి పోవాలె గద."

పైపు మీద నుంచి చెయ్యి తీసేశాను. బానెట్‌ను అలాగే వదిలేసి వెనక్కి వెళ్లి, కాక కొత్త మూత తాళం తీశాను. గాలి బుస్సుమని లోపలికి దూసుకుపోయింది. స్టార్ట్ చేస్తే ఇంజన్ అందుకుంది.

పంపు పెట్రోలు లాగేకొద్దీ ట్యాంకులో ఖాళీ అయిన చోటికి గాలి రావాలి. అందుకే పాత మూతకు సన్నటి రంధ్రం ఉండేది. దాన్ని వెంట్ అంటారు. కొత్త మూత మరే కారుదో, దానికి అది లేదు. కొంతదూరం పోయాక ట్యాంకు బిగపట్టేది, పంపు లాగలేకపోయేది. నేను పైపు ఊడదీసినప్పుడల్లా అందులోంచి గాలి ట్యాంకులోకి చేరి జబ్బు మాయమయ్యేది. నా పరీక్షే నాకు కారణం కనబడకుండా చేసింది.

అయినా నమ్మకం కుదరలేదు. మూత బిగించి మళ్లీ నడిపించాను. చాలాసేపటికి దగ్గి ఆగింది. మూత వదులు చేయగానే నడిచింది. ముగ్గురం పిల్లల్లా నవ్వాం. తర్వాత వచ్చిన ఊళ్లో ఓ వెల్డింగు దుకాణంలో మూత ఒక్కటే ఇచ్చి, సన్నటి రంధ్రం వేయించాం. సుజాతకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. తల్లి పేరు వినగానే ఆశ్చర్యపోయింది. "అవ్వ కనిపెట్టిందా?" అని, "సరే పోండ్రి," అంది.

బెంగళూరు, సేలం, మధురై. కారు మరెక్కడా ఆగలేదు.

కన్యాకుమారిలో కాక కారుకు తాళం వేసి, కాసేపు దాని పక్కనే నిలబడ్డాడు. గంగవ్వ ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. రాళ్ల మీద అలలు విరిగి మా ముఖాల మీద పడుతున్నాయి. ఆమె చాలాసేపు చూసింది.

"గోదారి తీరుగ నిమ్మలంగ ఉంటదంటివి గద?"

"అబద్ధం చెప్పిన," అన్నాడు కాక, కళ్లు నీళ్ల మీంచి తీయకుండా. "నేను గూడ ఇయ్యాల్నే సూస్తున్న."

"నాకెర్కనే," అంది గంగవ్వ. పైట చెంగుతో ఆయన ముఖం తుడిచింది.

ఆ కారు ఇంకా బోధన్‌లోనే ఉంది. సుజాత దాన్ని అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

నా పనిలో మాత్రం ఒక అలవాటు మారింది. ఇదివరకు బండి రాగానే బానెట్ ఎత్తేవాణ్ని. ఏమైందని అడిగినా డ్రైవరునే అడిగేవాణ్ని. ఇప్పుడు దేన్నీ ముట్టుకోకముందే, కొత్తగా ఏం మార్చారో కనుక్కుంటాను. తర్వాత వెనక తలుపు దగ్గరికి వెళ్తాను. అక్కడ ముసలమ్మ ఉన్నా, బడి పిల్ల ఉన్నా వంగి అడుగుతాను: "మీకేమన్నా ఇనబడ్డదా?"