మూడో నెలలో దాచిన మాట

మొన్న ముదిగుబ్బ బస్సులో పక్కావిడ ఉడకబెట్టిన చెనక్కాయలు వలుస్తుంటే, ఆ ఉప్పటి వేడి వాసనకు సుభద్రా మేడమ్ గుర్తొచ్చింది. కడుపులోని బిడ్డకు వంశంలో ఉన్న జబ్బు వచ్చిందో లేదో పరీక్షచేసి చెప్పే డాక్టరు ఆమె. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నెలకు రెండుసార్లు హైదరాబాదు నుంచి అనంతపురంలోని మా ఆసుపత్రికి వచ్చేది. నేను ఆమె దగ్గర నర్సును. చెనక్కాయలు నములుతూనే కాగితం మీద కుటుంబాలు గీసేది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, దగ్గరి చుట్టరికంలో పెళ్లయినవాళ్ల మధ్య రెండు గీతలు. "మీ జిల్లాకొస్తే నా పెన్నులో సిరా రెండింతలు ఖర్చవుతోంది తల్లీ" అనేది. మా అమ్మానాన్నలదీ మేనరికమే. పైకి నవ్వినా లోపల కలుక్కుమనేది.

ఆమెకు కోపం ముక్కుమీదే ఉండేది. భార్యను పరీక్షకు తెచ్చిన ఒక రైతు, "అదంతా సరే మేడమ్, మొగబిడ్డా ఆడబిడ్డా? ఆ మాటొకటి చెప్పు" అన్నాడు. మేడమ్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఇద్దర్ని పూడ్చిపెట్టి వచ్చావు. బతుకుతుందా అని అడగవేమయ్యా?" అంది. ఆయన తల వంచుకుని బయటికి పోయాడు. కాసేపటికి, "అంత మాట అనకుండా ఉండాల్సింది. వెళ్లి వాళ్లకు టీ ఇప్పించు" అని నన్ను పంపింది.

నాగలక్ష్మిది మా ముదిగుబ్బే. సొంత మేనమామను చేసుకుంది. అత్తంటే ఎవరో కాదు, అమ్మను కన్న అవ్వే. పుట్టిన ఇద్దరు బిడ్డలకూ మెడ నిలవలేదు, కాళ్లు ఆడలేదు. ఏడాదైనా నిండకుండానే ఊపిరాడక పోయారు. మేడమ్ ఆమె చేతులు పట్టుకుని చెప్పింది. "ఈసారి నెల తప్పగానే రా. మూడో నెలలో పరీక్ష చేస్తే తెలిసిపోతుంది. వద్దనుకుంటే తీసేయొచ్చు. ఐదో నెల నిండాక వస్తే చట్టం ఒప్పుకోదు, నేనేమీ చేయలేను." నాగలక్ష్మి సరేనంది.

ఆ ఏడు వానల్లేక చేలన్నీ మాడిపోయాయి. సెలవుకు ఊరెళ్తే, బోరింగు దగ్గర నాగలక్ష్మి వాంతి చేసుకుంటూ కనిపించింది. అప్పటికి మూడో నెల. అవ్వ నన్ను పక్కకు లాగింది.

"యాడా నోరు తెరవొద్దు మే. ఐదో నెల నిండేదాకా ఎవురికీ తెలీకూడదు. పోయిన రెండుతూర్లూ ముందే చెప్పుకొని దిష్టి తగిలించుకున్యాం."

"డాక్టరమ్మకన్నా చెప్పల్ల కదవ్వా?"

"ఆయమ్మవి మాత్రం కండ్లు కాదా? నా మీద ఒట్టెయ్యి."

ఒట్టేశాను. పదిమందికి బుద్ధులు చెప్పేదాన్ని, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ దిష్టంటే భయమే. ఆ తర్వాత మేడమ్ వచ్చిన నాలుగుసార్లూ, "నాగలక్ష్మి కబురేమన్నా తెలిసిందా?" అని అడిగింది. నాలుగుసార్లూ "లేదు మేడమ్" అన్నాను.

ఆరో నెలలో వాళ్లే వచ్చారు. మేడమ్ స్కానింగు కాగితం చూసి, నెలలు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. "ఇప్పుడు పరీక్ష చేసినా తెలుసుకోవడమే తప్ప, ఇంకేమీ చేయలేనమ్మా" అంది.

"తెలుసుకొని ఏం జేసేది మేడమ్? ఈ బిడ్డన్నా నిలుస్తాదేమోనని పుట్టేదాకా అనుకోనీండి" అంది నాగలక్ష్మి. అవ్వ నా వైపు చూడలేదు.

మగపిల్లవాడు పుట్టాడు. మెడ నిలవలేదు. పదో నెలలో పోయాడు. ఆ కబురు చెప్పినప్పుడు మేడమ్ చెనక్కాయల పొట్లం మూసి పక్కన పెట్టేసింది. "నేను చెప్పడంలోనే లోపముంది. ఆ పిల్లకు నామీద నమ్మకం కలిగించలేకపోయాను" అంది. తప్పు మీది కాదు, నాది అనాలి. నోరు పెగల్లేదు. తర్వాత ఆరేళ్లు ఆమెతో పనిచేశాను, ఏ రోజూ పెగల్లేదు. ఆ ఆరేళ్లూ, వచ్చిన ప్రతి ఆడమనిషి ముందూ తన మాటలను తానే అనుమానించుకుంటూ, ఒకటికి నాలుగుసార్లు చెప్పేది.

ఇప్పుడు నెల తప్పిందని ఎక్కడ విన్నా, తిట్లు తిని అయినా ఇంటికెళ్లి పరీక్షకు పిలుచుకొస్తాను. అందరూ మెచ్చుకుంటారు. మేడమ్ పోయినేడు చనిపోయింది, ఆ తప్పు తనదేననుకుంటూ.