బజ్జీల నూనెతో కడప ప్రయాణం

పాలిటెక్నిక్‌లో చదివే ఆ రోజుల్లో కొత్తగా నేర్చుకున్న మాట కొత్త గాజుల్లాంటిది. నలుగురి ముందూ గలగలలాడించకపోతే అన్నం సయించేది కాదు. నాకలా దొరికిన మాట ‘ప్రత్యామ్నాయ ఇంధనం’. కాలేజీ వక్తృత్వ పోటీలో దాని మీద మాట్లాడి రెండో బహుమతిగా స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చుకున్నాను (పోటీ చేసింది ఇద్దరమే లెండి). ఆనాటి నుంచి మా చిన్నాయన నన్ను ‘ఇంజినీరమ్మా’ అని పిలిచేవాడు. అది వెక్కిరింతో మురిపెమో కనుక్కునే ప్రయత్నం నేనెప్పుడూ చేయలేదు.

మైదుకూరులో మా ఇంటి పక్కిల్లే చిన్నాయనది. ఆయనకొక పాత డీజిల్ జీపు ఉండేది, బద్వేలుకు జనాన్ని తిప్పేవాడు. ఆయన కూతురు, అంటే మా అక్క, నర్సు ఉద్యోగం పరీక్షకు చదువుతుండేది. వయసు దాటిపోతోంది కాబట్టి ఆసారి రాయకపోతే ఇక రాయడానికి వీల్లేదు. సరిగ్గా ఆ పరీక్ష రోజే బందు పెట్టారు. కడపలో పరీక్ష మాత్రం వాయిదా పడలేదు. బస్సులు లేవు. ముందురోజు సాయంత్రమే బంకులు మూయించారు. జీపులో చూస్తే డీజిల్ అడుగంటింది. తెల్లవారేసరికి చిన్నాయన వాకిట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. అక్క ఏడవలేదు. తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని, అరుగు మీద పెన్నులు సర్దుకుంటోంది. ఆ నిమ్మళం చూసి నేను ఊరుకోలేకపోయాను.

“చిన్నాయనా, డీజిల్ ఇంజనుకు వంటనూనె పోసినా నడుస్తాది. వాడేసిన నూనె అయినా పర్వాలేదు. దాన్నే ప్రత్యామ్నాయ ఇంధనం అంటారు” అన్నాను.

“నడుస్తాదా? నువ్వు చూసినావా?”

“పుస్తకంలో ఉండాది.”

చిన్నాయన అక్క వైపు ఒకసారి చూసి, పంచె ఎగ్గట్టి లేచాడు. ఎదురుగా బజ్జీల భాయ్ అంగడి. బందు కాబట్టి పొయ్యి వెలగలేదు, వాడేసిన నూనె మాత్రం డబ్బా నిండా ఉంది. సంగతి విని ఆయన నొచ్చుకోలేదు సరికదా, మహా గర్వపడ్డాడు. “తీస్కపోండి. ఇన్నేండ్ల నుంచి నా నూనెలో కాల్చినవి తిని మైదుకూరంతా బాగనే ఉండాది, జీపుకు మాత్రం ఏమైతాది?” అన్నాడు. మా చిన్నమ్మ ఆ నూనెను గోరువెచ్చగా కాచి, చిన్నాయన పాత పంచెలో వడగట్టి ఇచ్చింది (తర్వాత ఆ పంచె ఎన్ని ఉతుకులకూ లొంగలేదు). మిగిలిన డీజిల్‌లో దాన్ని కలిపాం. జీపు రెండుసార్లు దగ్గింది, తెల్లటి పొగ వదిలింది, కదిలింది! వీధి వీధంతా మిరపకాయ బజ్జీల వాసన.

దారిలో ఒకచోట రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, జెండాలు పట్టుకుని కుర్రవాళ్లు నిలబడి ఉన్నారు. “ఆపప్పా, ఆపు! బంకులన్నీ మూయించినాం గదా, నీకు డీజిల్ యాడిది?” అని వాళ్ల పెద్ద మీదికొచ్చాడు. చిన్నాయన తొణకలేదు. “డీజిల్ కాదు నాయనా, ప్రత్యామ్నాయ ఇంధనం. నువ్వు చెప్పు ఇంజినీరమ్మా!”

నేను జీపులో లేచి నిలబడ్డాను. కంగారులో “గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు నమస్కారం” అనే మొదలుపెట్టాను. “పెట్రోలు, డీజిలు భూమిలో తరిగిపోతాయన్నా. వాటి బదులు వాడుకునేది ఏదైనా ప్రత్యామ్నాయ ఇంధనమే. బియ్యం లేకుంటే కొర్రలు వండుకోమా, అట్ల.”

“అట్లయితే కిరసనాయిలు పోసినా అదేనా?” అని ఒకడు అడిగాడు. “కాదన్నా, అదీ భూమిలోని చమురు నుంచి వచ్చేదే” అన్నాను. ఇంకొకడు “మా ఎమ్మెల్యేకి ప్రత్యామ్నాయం ఏముండాదో గూడా చెప్పు పాపా” అనేసరికి అంతా గొల్లుమన్నారు. వాళ్ల పెద్ద మాత్రం నవ్వకుండా జీపు వెనక్కి వెళ్లి, వంగి, పొగ వాసన చూశాడు. పొద్దుటి నుంచి హోటళ్లు కూడా మూయించి కూర్చున్నవాడు పాపం. “నిజమే రా, బజ్జీలే! ఆకలి మీదుండే వాళ్ల ముందర ఇదేం అన్యాయం పాపా? తీయండ్రా రాళ్లు!” అన్నాడు.

నాలుగు బారలు పోయామో లేదో, జీపు ఆగిపోయింది. ఫిల్టరు విప్పి చూస్తే నిండా శనగపిండి మడ్డి. అక్క గడియారం చూసుకుని, తొలిసారి కొంగుతో కళ్లొత్తుకుంది. అది చూసి ఆ కుర్రవాళ్లు జెండాలు రోడ్డు పక్కన పెట్టి వచ్చేశారు. చిన్నాయనా నేనూ ఫిల్టరు కడిగి బిగిస్తే, బందు చేసేవాళ్లే మా బండిని తోశారు. “ఇది గూడా ప్రత్యామ్నాయ ఇంధనమే గదా ఇంజినీరమ్మా?” అని స్టీరింగు దగ్గర నుంచి చిన్నాయన అరిచాడు. ఇంజను అందుకుంది.

కడపలో పరీక్ష కేంద్రం గేటు మూస్తుండగా అక్క పరిగెత్తి లోపలికి దూరింది. హాల్లో ముందు బెంచీ అమ్మాయి పరీక్ష మధ్యలో రెండుసార్లు వెనక్కి తిరిగి, “టిఫిన్ తెచ్చుకున్నావా?” అని గుసగుసగా అడిగిందట. అక్కకు ఉద్యోగం వచ్చింది. జీపు మాత్రం చాలా రోజులు మెకానిక్ షెడ్డులో ఉంది. ఆ ఖర్చు గురించి చిన్నాయన నా దగ్గర ఒక్కమాట ఎత్తలేదు. పైగా ఊళ్లో అందరికీ “మా పాప కనిపెట్టింది” అని చెప్పుకుని తిరిగాడు.

ఇప్పుడు నేను కర్నూలులో ఒక సౌరవిద్యుత్ కంపెనీలో పనిచేస్తున్నాను. ప్రత్యామ్నాయ ఇంధనం గురించి మీటింగుల్లో తెర మీద బొమ్మలు వేసి మరీ చెబుతాను. పరీక్షించి చూడాలి, నిపుణులను అడగాలి, తొందర కూడదు అంటాను. ఎవరూ నవ్వరు. మొన్న అక్కతో ఫోనులో ఇదంతా చెప్పుకుంటూ, ఇప్పుడైతే ఆ నూనె చుక్క కూడా పోయనిచ్చేదాన్ని కాదన్నాను. “దేవుని దయ మ్మే, ఆ పొద్దు నీకింత తెలివి లేదు. ఉండింటే నేను అరుగు మీదనే కూర్చోనుందును” అంది. పకపకా నవ్వాను. ఫోను పెట్టేశాక, అరిచేతులకు నూనె పూసుకుని, నడిరోడ్డు మీద న్యాయనిర్ణేతలకు నమస్కారం పెట్టిన ఆ పిల్ల మీద బెంగ కలిగింది.