యెరికో గోడ కూలలేదు గాని నా సోమవారం జ్వరం పోయింది

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా పేరు ఎస్తేరు. గురజాల దగ్గర నాపరాళ్ళ క్వారీలున్న ఊరు మాది. దేవుడు నన్ను ఒక భయంకరమైన జ్వరం నుండి ఎలా విడిపించాడో చెప్పాలని మీ ముందుకు వచ్చాను. ఆ జ్వరం సోమవారం ఉదయం బడి గంట వినగానే వచ్చేది, శుక్రవారం సాయంత్రం ఆఖరి గంట కొట్టగానే పోయేది. మీరు నవ్వుతారని నాకు తెలుసు, కానీ జ్వరం మాత్రం నిజం, నుదుటి మీద చెయ్యి పెడితే కాలిపోయేది!

అప్పుడు నేను మిడిల్ స్కూల్లో థర్డ్ ఫారం. మా మాస్టారు ఒక్కొక్కరినీ బెంచీ ఎక్కించి, చేతిలో బెత్తం పట్టుకుని, ఎక్కాలూ పద్యాలూ ఇంగ్లండు నదుల పేర్లూ ఒప్పచెప్పమనేవారు. బెంచీ ఎక్కితే నాకు నదులే కాదు, నా పేరు కూడా గుర్తుండేది కాదు.

మా నాన్న క్వారీలో రాయి కొట్టేవాడు, అమ్మ అక్కడే రాళ్ళ గంప మోసేది. మోసి మోసి అమ్మకు నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. అది కనబడకుండా కొంగు కప్పుకుని, నన్ను టీచరమ్మను చేయమని రోజూ దేవుణ్ణి అడిగేది. నాన్న అంత ఆశ పెట్టుకునే మనిషి కాదు. దసరా సెలవుల దాకా చూస్తాను, ఆ తర్వాత కూడా ఇలాగే ఉంటే గంప ఎత్తిస్తానన్నాడు. అనడమే కాదు, నా కొలతకు చిన్న గంప అల్లించి తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

సంఘమంతా నాకోసం ఉపవాసం ఉంది. అయితే మా సంఘంలో ఉపవాస ప్రార్థన ఎప్పుడూ శనివారమే. శనివారం నా ఒళ్ళు చల్లగా ఉండేది, అందరూ స్తోత్రం చెప్పి వెళ్ళేవారు, ఆదివారం ఆరాధనలో అమ్మ నా స్వస్థత గురించి సాక్ష్యం చెప్పేది, సోమవారం నేను మళ్ళీ దుప్పట్లో ఉండేదాన్ని. అన్నిసార్లు స్వస్థత పొందిన మనిషి పల్నాటిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

చివరికి మా సంఘపెద్ద యాకోబు తాత, దయ్యం పిల్లలో లేదు బడిలో ఉందని తేల్చాడు. ఇశ్రాయేలీయులు యెరికో పట్టణం చుట్టూ తిరిగి దాని గోడ కూల్చినట్టు మనమూ రోజుకొకసారి నోరు మెదపకుండా బడి చుట్టూ తిరగాలి, ఏడో రోజున ఏడు చుట్లు తిరిగి కేకలు వేయాలి అన్నాడు. గోడ కూలడమే కావాలంటే క్వారీ నుంచి గునపం తెస్తాను గదా అన్నాడు నాన్న.

సహోదరులారా, అవి ఏ రోజులనుకున్నారు? యుద్ధం రోజులు, కాంగ్రెస్ వాళ్ళ ఊరేగింపుల రోజులు, నలుగురు కలిసి నడిస్తే వెనకాల పోలీసు నడిచే రోజులు! అలాంటప్పుడు ఊళ్ళో సగం మంది ఉపవాసపు తెల్లబట్టలు కట్టుకుని మౌనంగా బడి చుట్టూ తిరుగుతుంటే హెడ్మాస్టరు గారికి ఏమనిపించి ఉంటుంది! ఏడో రోజున యాకోబు తాత చేలో పందుల్ని తోలే కొమ్ము ఊదగానే మేమంతా హల్లెలూయా అని అరిచాం. గోడ నుంచి సున్నం పెళ్ళ కూడా రాలలేదు గాని, గేటు తీసుకుని హెడ్మాస్టరు గారు, ఆయన వెనక ఒక పోలీసు జవానూ బయటికొచ్చారు.

ఏమిటీ సత్యాగ్రహమని ఆయన అడిగారు. అందరం తాత వైపు చూశాం, తాత కొమ్మును వీపు వెనక దాచుకున్నాడు. అప్పుడు అమ్మ నన్ను ముందుకు లాగి, కళ్ళు మూసుకుని గేటు ముందే ప్రార్థన మొదలుపెట్టింది.

"తండ్రీ, ఈ బిడ్డకి బడంటే జరమొస్తంది. ఆ బెంచీ ఎక్కమంటే చానా వణికిపోతంది. మాకు సత్యాగ్రహం ఏందో తెలవదు, గోడ కూలకపోయినా పర్లేదు. నా నెత్తి మీద గంప దీని నెత్తికి మాత్రం ఎక్కనీమాక. ఏదో ఒక దారి ఈ అయ్యగారి నోటితోనన్నా చెప్పించు తండ్రీ, ఆమెన్."

ఆ ప్రార్థనలో కొంగు జారి అమ్మ నడినెత్తి బయటపడింది. హెడ్మాస్టరు గారు కాసేపు అటే చూసి, జవానును పంపేశారు.

"ఏమ్మా, నీ పిల్ల మొద్దేం కాదు" అన్నారు. "పలక మీద అన్నీ సరిగ్గానే రాస్తది. నర్సరావుపేటలో మిషను దొరసానమ్మ గారు చేతిపనుల బడి పెట్టారు. పొద్దున పాఠాలు, మజ్జాన్నం మగ్గం. అక్కడ చాపల మీద కూర్చోబెడతారు, బెంచీలే లేవు."

దేవునికే మహిమ కలుగును గాక! అక్కడి బోర్డింగులో చేరిన మొదటి సోమవారం నేను దుప్పటి కప్పుకుని జ్వరం కోసం ఎదురు చూశాను, అది రాలేదు. మగ్గం మీద నూలు పోగు లాక్కెళ్ళే నాడె అటు పోతే ఏడొకట్ల ఏడు, ఇటొస్తే ఏడు రెళ్ళు పద్నాలుగు, అలా బెత్తం లేకుండానే ఎక్కాలన్నీ వచ్చేశాయి. టీచరమ్మ కావాలంటే పాసవ్వాల్సిన పరీక్షకు దొరసానమ్మ గారు ప్రైవేటుగా కట్టించారు. హాల్లో లెక్క తట్టనప్పుడల్లా బల్ల కింద మగ్గం తొక్కినట్టు కాళ్ళు ఆడిస్తుంటే, అక్కడ కాపలా ఉన్న మాస్టారు నాకు ఒళ్ళు బాగా లేదేమోనని మంచినీళ్ళు తెచ్చిచ్చారు. నీళ్ళు తాగి పాసయ్యాను!

ఇప్పుడు ఆ చేతిపనుల బడిలోనే నేను టీచరమ్మను. నా జీతం మొదలైన నెలలోనే అమ్మ క్వారీ మానేసింది. నాన్న నాకోసం అల్లించిన గంప కింద ఇప్పుడు కోడిపిల్లల్ని కమ్ముతోంది, నెత్తిన జుట్టు కూడా కొంచెం కొంచెం మొలుస్తోందని ప్రతి ఆదివారం సాక్ష్యం చెబుతోంది.

తల్లులారా, తండ్రులారా, మీ ఇంట్లో సోమవారం జ్వరం వచ్చే బిడ్డ ఉంటే మనసు చెదరనివ్వకండి, దేవుణ్ణి నమ్మి మా బడికి తీసుకురండి. చుట్టూ తిరగనక్కర్లేదు, గేటు తీసే ఉంటుంది.